అంటార్కిటికా రక్షణ ఏళ్లకేళ్లు ఎందుకు ఆగిపోతోంది? ఒప్పంద దేశాలకి ఒక బహిరంగ లేఖ

అంటార్కిటిక్ ఒప్పందంలో నిర్ణయాలు తీసుకునే హక్కున్న 29 దేశాల ప్రతినిధులకి, అలాగే ఏటా ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో కూర్చుని దక్షిణ సముద్రంలో ఎవరు ఎంత పట్టుకోవచ్చో తేల్చే సంరక్షణ కమిషన్ సభ్యులందరికీ,

నమస్కారం అండి.

సూటిగా విషయానికి వచ్చేస్తా. మీరు కాపలా కాస్తున్న ఖండం దాదాపు కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ సొంత జనాభా లేదు, ఊళ్లు లేవు, ఓట్లు లేవు, కోర్టుకెళ్లి కేసు వేసేవాళ్లు లేరు, రోడ్డెక్కి ధర్నా చేసేవాళ్లు అంతకన్నా లేరు. ఏ దేశంలో అయినా ప్రభుత్వం తప్పు చేస్తే నిలదీయడానికి అక్కడి జనం ఉంటారు, ఇక్కడ మాత్రం మీరు చేసిందే చట్టం, మీరు చేయకుండా వదిలేస్తే అడిగే నాథుడు లేడు. అందుకే బయట నుంచి చూస్తున్న మాలాంటి మామూలు వాళ్లం అడగాల్సి వస్తోంది. అడిగేది కూడా ఒక్కటే. సైన్స్ ముందు పెట్టుకుని, ఎక్కువ దేశాలు సరే అన్నాక కూడా, ఒకటో రెండో దేశాలు అడ్డం చెప్తే చాలు రక్షణ ఆగిపోతుంది, కానీ వేట, టూరిజం, కొత్త కట్టడాలు మాత్రం ఎవరి ఏకాభిప్రాయం కోసమూ ఆగవు. ఇది మీకు న్యాయంగానే అనిపిస్తోందా?

ఏకాభిప్రాయం పద్ధతే తప్పని నేను అనడం లేదు, అది ఎందుకు పెట్టుకున్నారో తెలుసు. 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం పెట్టినప్పుడు ప్రపంచం రెండుగా చీలి ఉంది, అమెరికా, సోవియట్ యూనియన్ అన్నిచోట్లా కొట్టుకుంటున్నాయి, పైగా ఏడు దేశాలు ఈ ముక్క నాది ఆ ముక్క నాది అని గీతలు గీసేసుకున్నాయి, దక్షిణ అమెరికా వైపు పొడుచుకొచ్చిన అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గరైతే బ్రిటన్, చిలీ, అర్జెంటీనా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అలాంటి టైంలో సైన్యాలు రావొద్దు, అణు పరీక్షలు వద్దు, హక్కుల గొడవ ఎక్కడిది అక్కడే ఆపేద్దాం, సైన్స్ చేసుకుందాం అని ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. ఎవరి మీదా ఏదీ రుద్దం అన్న భరోసా లేకపోతే ఆ ఒప్పందం పుట్టేదే కాదు.

ఆ తర్వాత కూడా ఇదే పద్ధతి ఒకసారి ఖండాన్ని కాపాడింది. 1988లో వెల్లింగ్టన్‌లో గనుల ఒప్పందం ఒకటి రెడీ చేశారు, అంటార్కిటికాలో ఖనిజాలు, ఆయిల్ ఎలా తవ్వాలి, ఎవరి పర్మిషన్ తీసుకోవాలి అని రూల్స్ అన్నీ రాసేశారు, ఇక దేశాలు అంగీకార ముద్ర వేయడమే మిగిలింది. 1989లో ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ అడ్డం తిరిగాయి, మేము ఒప్పుకోం, తవ్వకమే వద్దు అన్నాయి. ఏళ్ల తరబడి చేసిన చర్చలు నీళ్లపాలయ్యాయని చాలామంది తిట్టుకునే ఉంటారు. కానీ మూడేళ్లు తిరక్కుండా 1991లో మాడ్రిడ్‌లో పర్యావరణ ప్రోటోకాల్ వచ్చింది, శాస్త్ర పరిశోధనకి తప్ప ఖనిజాల జోలికి పోవద్దని దాని 7వ ఆర్టికల్ తేల్చి చెప్పింది. రెండు దేశాల అభ్యంతరం మొత్తం ఖండాన్ని గనుల నుంచి తప్పించింది. అప్పుడు అడ్డం చెప్పింది తవ్వకానికి. ఇప్పుడు మీ గదుల్లో అడ్డం చెప్తోంది రక్షణకి. పద్ధతి అదే, వాడే దిక్కు మారిపోయింది.

ఎంపరర్ పెంగ్విన్ల సంగతే తీసుకోండి. 2022లో బెర్లిన్ సమావేశంలో వాటికి ప్రత్యేక రక్షణ జాతి హోదా ఇద్దామని ప్రతిపాదన వచ్చింది, దాదాపు అందరూ సరే అన్నారు, చైనా ఒప్పుకోలేదు, ఇంకా ఆధారాలు కావాలి ఇంకా స్టడీ చేయాలి అంది, అంతే ఆగిపోయింది. సరే ఆధారాలు అన్నారు కదా, అదే ఏడాది ఏం జరిగిందో చూడండి. ఈ పెంగ్విన్లు గుడ్డు పెట్టేది నేల మీద కాదు, ఒడ్డుకి అతుక్కుని గడ్డకట్టిన సముద్రం మీద. శీతాకాలం నడిమధ్య ఆ చీకట్లో మగ పక్షి రెండు నెలలకి పైగా తిండి లేకుండా గుడ్డుని కాళ్ల మీద పెట్టుకుని నిలబడుతుంది. పిల్ల బయటికొచ్చాక దానికి ఒంటి నిండా బూడిద రంగు నూగు, మెత్తగా ఉంటుంది, కానీ నీళ్లలో పడితే తడిసిపోతుంది. నీళ్లు పట్టని అసలు ఈకలు వచ్చేది డిసెంబర్ ప్రాంతంలో. అప్పటిదాకా కాళ్ల కింద మంచు నిలవాలి. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో నిలవలేదు. ఉపగ్రహం ఫోటోల్లో ఈ కాలనీలు ఎలా కనిపిస్తాయంటే, తెల్లటి మంచు మీద రెట్ట గోధుమ రంగు మరక లాగా, ఆ మరకని బట్టే సైంటిస్టులు కాలనీని కనిపెడతారు. ఆ ఏడాది పిల్లలకి ఈకలు రాకముందే మంచు పగిలిపోయింది, మరక ఉన్న చోట నల్లటి నీళ్లు కనిపించాయి. అక్కడున్న ఐదు కాలనీల్లో నాలుగింటిలో ఒక్క పిల్ల కూడా బతికి ఉండకపోవచ్చని లెక్కేశారు.

అదొక్కసారి జరిగిన దురదృష్టం అనుకోడానికి లేదు. 2016లో హేలీ బే కాలనీ, అప్పటికి ప్రపంచంలోనే అతిపెద్ద ఎంపరర్ కాలనీల్లో ఒకటి, ఇలాగే మంచు ముందే విరిగి కుప్పకూలింది. 2023 ఫిబ్రవరిలో ఖండం చుట్టూ సముద్రపు మంచు 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకి పడిపోయింది, ఉపగ్రహ రికార్డులు మొదలయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు, అదే సంవత్సరం సెప్టెంబర్‌లో చలికాలపు గరిష్ఠం కూడా రికార్డు స్థాయిలో తగ్గి కోటీ డెబ్భై లక్షల దగ్గరే ఆగింది. ఇంకా ఏ ఆధారం కావాలండి? ప్రత్యేక రక్షణ హోదా ఇచ్చినంత మాత్రాన మంచు గడ్డకట్టదు, నాకూ తెలుసు. కానీ ఆ కాలనీల దగ్గరికి షిప్పులు, హెలికాప్టర్లు, డ్రోన్లు ఎంత దూరంలో ఆగాలి, ఎప్పుడు రాకూడదు అన్నది తేల్చడం మీ చేతుల్లో పని. వాతావరణం దెబ్బ కొడుతున్నప్పుడు కనీసం మనిషి దెబ్బైనా తగ్గించొచ్చు కదా.

ఇక క్రిల్. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

బొటనవేలంత ఉండే రొయ్య లాంటి జీవి ఇది, మహా అయితే 6 సెంటీమీటర్లు. తిమింగలాలు, సీల్స్, పెంగ్విన్లు, చేపలు, సముద్ర పక్షులు, నేరుగానో చుట్టు తిరిగో అందరి కడుపూ దీని మీదే ఆధారపడి ఉంది. దీని పిల్లలు చలికాలంలో బతికేది సముద్రపు మంచు అడుగున. పైన చీకటి, నీళ్లలో తిండి ఉండదు, మంచు కింది వైపు మాత్రం సన్నగా ఆల్గే పట్టి ఉంటుంది, తలకిందులుగా ఆ మంచుకి అతుక్కుని ముందు కాళ్లతో ఆ పచ్చటి పొరని గీక్కుని తింటూ వసంతం దాకా గడిపేస్తాయి. మంచు ఆలస్యంగా పట్టి ముందే కరిగితే ఆ తిండి పోతుంది, మరుసటి తరం పలచబడిపోతుంది. అంటే క్రిల్ మీద ఒత్తిడి ఇప్పటికే పైనుంచి మొదలైంది.

దాని మీద వేట. ఇప్పటి పెద్ద ట్రాలర్లలో కొన్నింటికి వల పైకి లాగాల్సిన పని కూడా లేదు, వల నీళ్లలోనే ఉంటుంది, చివర లావాటి గొట్టం, పంపు పెట్టి క్రిల్‌ని ఆగకుండా షిప్‌లోకి తోడేస్తుంటారు, పగలూ రాత్రీ. అలా తోడింది ఎక్కువగా ఎటు పోతుందంటే చేపల చెరువుల్లో మేతకి, ఒమేగా-3 క్యాప్సూల్స్‌కి, పెంపుడు జంతువుల ఫుడ్‌కి. ఆకలి తీర్చడానికి వేరే దారి లేక చేస్తున్న వేట కాదు ఇది.

కంపెనీలు చెప్పే లెక్క ఒకటుంది, మీరు కూడా అదే చెప్తుంటారు: అట్లాంటిక్ వైపు ఉన్న ఏరియా 48లో క్రిల్ 6 కోట్ల టన్నులకి పైనే ఉంటుంది, మేము పట్టేది 6.2 లక్షల టన్నుల లోపు, అంటే 1 శాతం, దీనికి ఇంత గొడవ ఎందుకు అని. ఆ 1 శాతం సముద్రమంతా సమానంగా తీస్తే ఆ మాటకి అర్థం ఉండేది. కానీ షిప్పులు క్రిల్ దట్టంగా ఉన్న చోటికే పోతాయి, బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధి, సౌత్ ఆర్క్నీ దీవుల పరిసరాలు ఇలాంటి కొన్ని చోట్లకే పోతాయి, సరిగ్గా పెంగ్విన్లు, తిమింగలాలు తినడానికి వచ్చేది కూడా అక్కడికే. పిల్లలకి మేత తేవడానికి ఒడ్డు నుంచి కొద్ది దూరమే పోగల తల్లి పెంగ్విన్‌కి, వెయ్యి కిలోమీటర్ల అవతల బోలెడంత క్రిల్ ఉంది అని చెప్తే ఏం ఉపయోగం?

ఈ సంగతి మీకు తెలుసు, తెలిసే ఒకప్పుడు మంచి నిర్ణయమే తీసుకున్నారు. ఆ 6.2 లక్షల టన్నులని నాలుగు ఉప ప్రాంతాల మధ్య పంచారు, ద్వీపకల్పం పక్కన ఉన్న 48.1లో అయితే 1.55 లక్షల టన్నులు దాటకూడదు, అక్కడ లిమిట్ నిండగానే వేట బంద్. ఆ రూల్‌ని ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ వచ్చారు. 2024లో హోబార్ట్ సమావేశంలో మళ్లీ పొడిగించడానికి ఏకాభిప్రాయం కుదరలేదు, దాంతో ఆ పంపకమే రద్దైపోయింది. వేట ఆగలేదు, కంచె మాత్రం కూలింది. ఫలితం ఎంతోకాలం ఆగకుండానే కనిపించింది, 2025 సీజన్‌లో మొత్తం 6.2 లక్షల టన్నుల లిమిట్ మొట్టమొదటిసారి నిండిపోయి ఆగస్టులోనే వేట మూసేయాల్సి వచ్చింది. సీజన్ మామూలుగా నవంబర్ చివరి దాకా ఉంటుంది. గుత్తగా ఉన్న పై లిమిట్ ఒక్కటి మిగిలింది కాబట్టి అక్కడైనా ఆగారు.

మీ పద్ధతిలో ఉన్న పెద్ద లోపం ఇక్కడే ఉంది. మీలో మీకు కుదరకపోతే ఆగేది వేట కాదు, వేట మీద ఉన్న హద్దు. అడ్డం చెప్పేవాడికి నష్టం లేదు పైగా లాభం. మరి వాడు ఎందుకు దిగివస్తాడు?

తిమింగలాల కథ మీ ముందే ఉంది. 1904లో సౌత్ జార్జియాలో గ్రిట్‌వికెన్ స్టేషన్ పెట్టిన దగ్గర్నుంచి ఆ ఒక్క దీవి చుట్టుపక్కలే లక్షా డెబ్భై అయిదు వేలకి పైగా తిమింగలాలని కోశారు. 1946లో తిమింగలాల వేటని అదుపు చేయడానికి వేరే కమిషన్ పెట్టారు, కోటాలు పెట్టారు, సైంటిస్టులు చెప్పారు, ప్రతినిధులు చర్చించారు, అయినా కోటా ఎప్పుడూ ఉన్న తిమింగలాల కంటే షిప్పుల ఆకలిని చూసే పెట్టారు. అంటార్కిటిక్ నీలి తిమింగలాలు అసలు సంఖ్యలో 1 శాతం కన్నా తక్కువకి పడిపోయాయి. అది చాలదన్నట్టు చేపల మీద పడ్డారు, 1969 నుంచి రెండు సీజన్లలోనే సౌత్ జార్జియా దగ్గర మార్బుల్డ్ రాక్‌కాడ్ అనే చేపని దాదాపు 5 లక్షల టన్నులు ఊడ్చేశారు, అది మళ్లీ మునుపటిలా కోలుకోనే లేదు. 1980లో మీ సంరక్షణ ఒప్పందం రాసుకున్నది ఇవన్నీ చూసిన తర్వాతే కదా. ఒక జాతిని పట్టేటప్పుడు దాన్ని తిని బతికే మిగతా జాతుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి అని అందులో రాసుకున్న మాట, అప్పటికి ప్రపంచంలో ఇంకెక్కడా అంత స్పష్టంగా లేదు. గొప్ప మాట అది, మనసారా అంటున్నా. దాన్ని పాటించండి అనే నా గోల.

తిమింగలాలు ఇప్పుడిప్పుడే తిరిగొస్తున్నాయి. 2019లో ఎలిఫెంట్ దీవి దగ్గర 150 దాకా ఫిన్ తిమింగలాలు ఒకే చోట గుంపుగా క్రిల్ తింటుంటే సైంటిస్టులు వీడియో తీశారు, అంత పెద్ద గుంపు ఈ తరం వాళ్లెవరూ చూడలేదు. 2022 జనవరిలో సౌత్ ఆర్క్నీ దగ్గర ఇంకా పెద్ద గుంపు, వెయ్యి వరకు ఉండొచ్చని అంచనా వేశారు. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ రెండో గుంపు మధ్యలోంచే నాలుగు పెద్ద క్రిల్ ట్రాలర్లు వలలు లాక్కుంటూ వెళ్లాయి, తిమింగలాల ఊపిరి తుంపర్లు ఒక పక్క లేస్తుంటే షిప్పులు ఆ పక్కనే. 2021 నుంచి క్రిల్ వలల్లో హంప్‌బ్యాక్ తిమింగలాలు చిక్కి చనిపోయిన సంఘటనలు మీ కమిషన్ రికార్డుల్లోనే ఉన్నాయి. నూరేళ్ల నరికివేత తర్వాత తిరిగొచ్చిన జీవికి మనం చూపించే మర్యాద ఇదా?

దీనికి మందు కూడా మీ దగ్గరే ఉంది, రక్షిత సముద్ర ప్రాంతాలు. 2016లో రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్లకి రక్షణ ఇచ్చారు, రష్యా చివరి దాకా బెట్టు చేసి ఆఖరికి ఒప్పుకుంది, ప్రపంచం మొత్తం చప్పట్లు కొట్టింది. గడువు 35 ఏళ్లే పెట్టారు, అది బేరంలో పోయింది, సరే. అక్కడితో ఆగిపోయారు. తూర్పు అంటార్కిటికా ప్రతిపాదన 2012 నుంచి మీ టేబుల్ మీదే ఉంది, వెడెల్ సముద్రానిది 2016 నుంచి, ద్వీపకల్పం ప్రతిపాదన అర్జెంటీనా, చిలీ కలిసి 2018లో తెచ్చాయి. ఏటా తెస్తారు, ఏటా చైనా, రష్యా ఒప్పుకోవు, ఏటా వచ్చే ఏడు చూద్దాం అంటారు. 2023 జూన్‌లో దీనికోసమే శాంటియాగోలో ప్రత్యేక సమావేశం పెట్టుకుని ఉత్త చేతులతో లేచారు. ఆ రెండు దేశాల్నే అనేసి చేతులు దులుపుకోవడం కూడా నాకిష్టం లేదు. క్రిల్‌ని అందరికంటే ఎక్కువ పట్టేది నార్వే, రక్షణ కావాలని గట్టిగా మాట్లాడే దేశాల్లోనే ఆ క్యాప్సూల్స్ అమ్ముడుపోతాయి. కంచే చేను మేస్తుంటే పక్కవాడి గేదెని తిట్టి ఏం లాభం.

టూరిజం గురించి మాట్లాడేటప్పుడు కాస్త జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది ఆ నేలని నిజంగానే ప్రేమిస్తారు. కానీ 1990ల మొదట్లో సీజన్‌కి ఆరేడు వేల మంది వెళ్లేచోటికి 2023-24 సీజన్‌లో లక్షా ఇరవై వేల మంది పైనే వెళ్లారు. వీళ్లంతా ఎక్కువగా అర్జెంటీనాలోని ఉష్వాయా నుంచి బయల్దేరి డ్రేక్ పాసేజ్ అనే సముద్రం దాటి ద్వీపకల్పంలో అవే కొన్ని చోట్ల దిగుతారు. 500 మంది కంటే ఎక్కువ ఎక్కిన షిప్ నుంచి ఎవరినీ దించకూడదు, ఒకసారికి ఒడ్డున 100 మంది మించకూడదు, పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరంలో ఉండాలి, ఈ రూల్స్ చాలావరకు ఆపరేటర్ల సంఘం స్వచ్ఛందంగా పాటిస్తోంది కాబట్టి నడుస్తున్నాయి. సంతోషం. కానీ సీజన్ మొత్తానికి ఎన్ని షిప్పులు, ఎంత మంది అన్నదానికి మీ వైపు నుంచి పై హద్దే లేదు. ఒక్కో షిప్ రూల్ పాటించినా షిప్పులు పెరుగుతూ పోతే ఏమవుతుంది?

ఇక్కడ నష్టం పెద్దగా కంటికి కనిపించదు, అదే ఇబ్బంది. ఒడ్డుకి దిగేముందు బూట్లు బ్రష్‌తో తోమించి, జేబులు, బ్యాగులు వాక్యూమ్ చేయించి, వెల్‌క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజల్ని పట్టకారుతో తీయిస్తారు. ఊరికే కాదు, ఒక పరిశోధనలో గింజలు దొరికిన వాళ్ల బట్టల్లో, సామాన్లలో మనిషికి సగటున తొమ్మిదిన్నర విత్తనాలు తేలాయి, టూరిస్టులే కాదు వాళ్లలో సైంటిస్టులూ ఉన్నారు. కింగ్ జార్జ్ దీవిలో పోలెండ్ స్టేషన్ దగ్గర అలా వచ్చిన గడ్డి ఏళ్ల తరబడి పాతుకుపోయింది, దాన్ని పీకి పారేయడానికి నానా తంటాలు పడ్డారు. షిప్పులు, విమానాలు, జనరేటర్ల నుంచి వచ్చే మసి మంచు మీద పడి అది ఎండని ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది, 2022లో వచ్చిన ఒక స్టడీ లెక్క ప్రకారం ఒక్కో టూరిస్టు వెళ్లి రావడం వల్ల దాదాపు 83 టన్నుల మంచు త్వరగా కరిగిపోతోంది. 2007 నవంబర్‌లో ఎక్స్‌ప్లోరర్ అనే షిప్ మంచుకి తగిలి మునిగినప్పుడు 154 మందీ బతికి బయటపడ్డారు, పక్కనే వేరే షిప్పులు ఉండబట్టి, సముద్రం ప్రశాంతంగా ఉండబట్టి. నాలుగైదు వేల మంది ఉన్న క్రూయిజ్ షిప్‌కి అదే జరిగితే ఎవరు ఎక్కడ్నుంచి వస్తారు? 2024లో కొచ్చి సమావేశంలో టూరిజానికి ఒక ఫ్రేమ్‌వర్క్ తయారు చేద్దామని మొదలుపెట్టారు, మంచి పని, కానీ మొదలుపెట్టడమే గొప్ప అనుకునే టైం దాటిపోయింది.

పైగా 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ, హెచ్‌5ఎన్‌1, ఖండం మీదికి కూడా వచ్చినట్టు చనిపోయిన స్కువా పక్షుల్లో ఖరారైంది. దాన్ని తెచ్చింది వలస పక్షులు, టూరిస్టులు కాదు, ఆ నింద వాళ్ల మీద వేయను. కానీ జబ్బు, తిండి కొరత, మంచు లేకపోవడం ఇన్ని ఒకేసారి మీద పడ్డ కాలనీల మధ్యలో మనుషుల గుంపులు తిరగడం అవసరమా అన్నది మీరు ఆలోచించాలి.

సైన్స్ పేరు చెప్తే అన్నీ ఒప్పు అయిపోవు కూడా. ఈ ఖండంలో మంచు లేని నేల అర శాతం కూడా ఉండదు, పెంగ్విన్లు గూళ్లు కట్టేది, నాచు, లైకెన్లు బతికేది ఆ కాస్త నేల మీదే, బేసులు కట్టేది కూడా అక్కడే. కింగ్ జార్జ్ దీవి మీద అరడజను పైగా దేశాల స్టేషన్లు పక్కపక్కనే ఉన్నాయి, ఎవరి జనరేటర్ వాళ్లది, ఎవరి ట్యాంకులు వాళ్లవి. మెక్‌మర్డో అనే తన స్టేషన్‌లో అమెరికా 1962లో అణు రియాక్టరే పెట్టింది, పదేళ్లకి మూసేసి కలుషితమైన మట్టిని వేల టన్నులు తవ్వి షిప్పుల్లో వెనక్కి తీసుకుపోవాల్సి వచ్చింది. మన దేశం సంగతి కూడా చెప్పాలి. 1983లో ఒప్పందంలో చేరినప్పటి నుంచి భారత్ మంచి పరిశోధన చేస్తోంది, 2021లో తూర్పు అంటార్కిటికా, వెడెల్ రక్షిత ప్రాంతాలకి మద్దతు ప్రకటించింది, 2022లో సొంతంగా అంటార్కిటిక్ చట్టం చేసుకుంది, వీటికి గర్వపడతాను. ఇప్పుడు 1989 నాటి మైత్రి స్టేషన్ బదులు మైత్రి-2 కట్టబోతున్నారు. భారత ప్రతినిధులకి నా విన్నపం, కొత్తది కట్టడంతో పాటు పాతదాన్ని ఆఖరి మేకు దాకా విప్పి వెనక్కి తెచ్చే ప్లాన్, దానికి తేదీ, రెండూ జనం ముందు పెట్టండి, మిగతా దేశాల్ని అడిగే నైతిక బలం అప్పుడే వస్తుంది.

వేడి గురించి మీతో వాదించను. 2022 మార్చిలో తూర్పు అంటార్కిటికాలో ఉష్ణోగ్రత మామూలు కంటే 38 డిగ్రీలు పైకి పోయింది, కాంకార్డియా స్టేషన్‌లో మైనస్ 11.8, ఆ రోజుల్లోనే కాంగర్ మంచు పలక విరిగిపోయింది. 2002లో లార్సెన్-బి మంచు పలక అయితే 3,250 చదరపు కిలోమీటర్లు 35 రోజుల్లోనే ముక్కలైంది. థ్వైట్స్ హిమానీనదం పూర్తిగా పోతే అదొక్కటే ప్రపంచ సముద్ర మట్టాన్ని 65 సెంటీమీటర్లు పెంచగలదు. ఇవి మీ సమావేశాల్లో తేలేవి కావు అంటారు, బొగ్గు, ఆయిల్ వేరే గదిలో మాట్లాడతాం అంటారు. గదులు వేరైనా దేశాలు అవే కదండీ. 1985లో హేలీ స్టేషన్ నుంచి బ్రిటిష్ సైంటిస్టులు ఓజోన్ రంధ్రం గురించి చెప్తే 1987కల్లా ఆ రంధ్రం చేసే రసాయనాల్ని అదుపు చేసే మాంట్రియల్ ప్రోటోకాల్ మీద సంతకాలు అయిపోయాయి. రెండేళ్లు! చేయాలనుకుంటే చేయగలరని మీరే నిరూపించారు.

ఇంకో సంగతి. 2048లో గనుల నిషేధం ముగిసిపోతుంది అని చాలామంది రాసేస్తుంటారు, అది తప్పు. ఆ నిషేధానికి గడువు తేదీ లేదు. 2048 తర్వాత ఏ సలహా దేశమైనా, అంటే ఒప్పందంలో నిర్ణయాలు తీసుకునే హక్కున్న ఏ దేశమైనా, సమీక్ష సమావేశం కోరొచ్చు, అంతే, అప్పుడు కూడా తవ్వకాలని కట్టడి చేసే చట్టబద్ధమైన ఏర్పాటు ఒకటి అమల్లో లేకుండా నిషేధం ఎత్తేయడానికి లేదు, ప్రోటోకాల్ కుదిరినప్పటి సలహా దేశాలన్నీ ఆమోదిస్తేనే మార్పు అమల్లోకి వస్తుంది. తాళం గట్టిదే. నా భయం ఆ తాళం గురించి కాదు, అప్పటికి లోపల ఏం మిగులుతుందా అని. అయినా వెడెల్ సముద్రంలో రష్యా షిప్పులు సముద్రం అడుగుకి శబ్ద తరంగాలు పంపి చేసిన సీస్మిక్ సర్వేలు సైన్స్ కోసమా ఆయిల్ కోసమా అన్న ప్రశ్న 2024లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది కాబట్టి, 2048లో సమీక్ష అడగం అని మీరందరూ ఇప్పుడే ఒక ప్రకటన చేస్తే కొన్ని అనుమానాలైనా తీరతాయి.

మీరు చేయాల్సింది పెద్ద విప్లవం ఏమీ కాదు. క్రిల్ పంపకం రూల్‌ని వెంటనే తిరిగి తేండి, ఇకపై ఏ రక్షణ రూల్ అయినా కొత్తది కుదిరే దాకా పాతదే అమల్లో ఉంటుంది అని రాసుకోండి, ఆ ఒక్క వాక్యం పడితే అడ్డం చెప్పేవాళ్లకి లాభం పోతుంది, వాళ్లే టేబుల్ దగ్గరికి వస్తారు. అది కుదిరేలోపు పెంగ్విన్లు పిల్లల్ని సాకే నెలల్లో కాలనీల దగ్గర వేటాడకుండా మీ మీ జెండాల కింద ఉన్న షిప్పుల్ని మీరే ఆపొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కొన్ని కంపెనీలు ఇప్పటికే స్వచ్ఛందంగా కొంత దూరం పాటిస్తున్నాయి కూడా. ద్వీపకల్పం రక్షిత ప్రాంతాన్ని అన్నిటికన్నా ముందు తేల్చండి. టూరిజానికి సీజన్ మొత్తానికి ఒక హద్దు పెట్టండి. ఎంపరర్ పెంగ్విన్ ఫైలుని మళ్లీ తెరవండి.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. మీ చర్చల గదుల్లోకి ప్రెస్‌ని రానివ్వరు, రిపోర్టుల్లో చాలాసార్లు ఒక దేశం అభ్యంతరం చెప్పింది, కొన్ని దేశాలు ఆందోళన వ్యక్తం చేశాయి అని రాసి ఊరుకుంటారు. ఏ దేశం, ఏ ప్రతిపాదనకి, ఏ శాస్త్రీయ కారణంతో అడ్డం చెప్పిందో పేరుతో సహా ఆ దేశం చేతే రాయించండి, అది సమావేశం ముగిసిన రోజే బయట పెట్టండి. ఆ కారణం సరైనదో కాదో ఆ దేశపు సైంటిస్టులు, ఆ దేశపు జనం కూడా చదువుకుంటారు. వచ్చే హోబార్ట్ సమావేశంతోనే ఇది మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
మీ రిపోర్టుల కోసం ఏటా ఎదురుచూసే ఒక తెలుగు పాఠకుడు